రెండు గంటల ట్యాంకు

రాత్రి తొమ్మిది దాటింది. గోదావరి డెల్టాలో ఒక మున్సిపల్ వాటర్ వర్క్స్‌లో, శుద్ధి అయిన నీళ్ళు నిలవుండే సంపు పైకప్పు మీద నిలబడి ఉన్నారు మీరు. ఊరి పేరు మీకు తెలిసినది ఏదైనా పెట్టుకోండి. ఇలాంటి సంపు చాలా ఊళ్ళలో కనిపిస్తుంది. మీ కాళ్ళ కింద కాంక్రీటు పలక, దాని కింద చీకట్లో 7 లక్షల 20 వేల లీటర్ల నీళ్ళు. పక్కనే ఫిల్టర్ హౌస్‌లోంచి నీళ్ళు జారుతున్న చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. గాలి ఇటు తిరిగినప్పుడల్లా క్లోరిన్ గది వాసన ముక్కుకు తగులుతోంది.

ఏఈ మేడం కింద గొంతుక్కూర్చుని ఉప్పు ప్యాకెట్లు కత్తిరిస్తోంది. ఇంట్లో వాడే మెత్తటి ఉప్పే, కిలో ప్యాకెట్లు. 50 ప్యాకెట్లు నీలిరంగు డ్రమ్ముల్లోకి వెళ్ళాలి, మరో 25 పక్కన ఉంచింది. ఫిట్టర్ బాబాయ్ పీవీసీ పైపు ముక్కతో డ్రమ్ములు కలుపుతున్నాడు. ఈ వాటర్ వర్క్స్‌లో ప్రతి వాల్వూ ఎటు తిప్పితే ఎంత ఊపిరి తీసుకుంటుందో ఆయనకు తెలుసు. మీ చేతికి కండక్టివిటీ మీటర్ ఇచ్చారు. దాని తీగ మ్యాన్‌హోల్ గుండా పంపు సక్షన్ దగ్గరకు దిగి ఉంది. తెర మీద 280 మైక్రోసీమెన్స్. ఉప్పు కలవని మామూలు నీటి లెక్క అది.

కాగితం మీద ఈ సంపు గొప్పగానే ఉంది. 24 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు. ఫిల్టర్ల నుంచి గంటకు 360 ఘనమీటర్లు వస్తాయి. 720ని 360తో భాగిస్తే రెండు గంటలు. క్లోరిన్ కలిశాక నీరు కనీసం అరగంట నిలవాలనీ, అప్పటికి లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిన్ మిగలాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతాయి. అరగంట చాలన్నచోట రెండు గంటలు ఇస్తున్నాం కదా, ఇంకేం కావాలి అని ఫైలు ధీమాగా ఉంది. ఆ రెండు గంటలూ నీళ్ళు నిజంగా లోపల ఉంటున్నాయా అన్నదే ఈ రాత్రి తేలాల్సింది.

నీటి జాడ పట్టడానికి ఉప్పే ఎందుకంటే, తాగే నీళ్ళలో పోయగలిగేవి తక్కువ కాబట్టి. అమెరికాలో దంతాల కోసం ఎలాగూ కలిపే ఫ్లోరైడును కొన్నిచోట్ల ఇదే పనికి వాడతారు. నల్లగొండ పల్లెల్లో ఫ్లోరైడు వంచేసిన నడుములు చూసినవాళ్ళం మనం, ఆ ఆలోచనే మనకు రాకూడదు. ఈ 50 కిలోల ఉప్పు సంపంతా సమంగా కలిసినా లీటరుకు 70 మిల్లీగ్రాములు దాటదు, నాలుకకు కూడా తెలియదు. చిక్కు ఒక్కటే. చిక్కటి ఉప్పునీరు బరువుగా ఉండి అడుగున పాకుతుంది. అందుకే దాన్ని పల్చన చేసి, ఫిల్టర్ నీళ్ళు ఎత్తునుంచి పడి సుడులు తిరిగేచోట, ఒక్క నిమిషంలోపు పోసెయ్యాలి.

"బాబాయ్, పోసెయ్యండి" అంది మేడం. డ్రమ్ములు వంగాయి. మీరు గడియారం నొక్కారు.

ఒకటో నిమిషం, 280. రెండో నిమిషం, 280. వాచ్‌మన్ టీ తెచ్చాడు, మీరు తెర మీంచి చూపు తిప్పలేదు. నాలుగో నిమిషం 284. మీటర్ తడబడిందేమో అనుకున్నారు. ఐదుకి 310. ఆరుకి 390. మేడం గ్లాసు పక్కన పెట్టేసింది. ఏడుకి 490, ఎనిమిదికి 590, తొమ్మిదో నిమిషంలో 650. తర్వాత మెల్లగా దిగడం మొదలైంది. పదకొండో నిమిషానికి 605. గంట గడిచాక 360. రెండు గంటలు గడిచినా 320 దగ్గరే వేలాడుతోంది, 280కి రానంటోంది.

అంకెల్ని గ్రాఫు కాగితం మీద చుక్కలుగా పెడితే ఎడమ చివర నిటారుగా ఒక కొండ, కుడివైపు ఎక్కడా తెగని పొడవాటి తోక. మేడం ఒక్కో నిమిషం దాటిన ఉప్పును కూడుకుంటూ వెళ్ళింది. పదకొండో నిమిషానికి 5 కిలోలు, అంటే పోసినదాంట్లో పదోవంతు, సంపు దాటి పంపులోకి వెళ్ళిపోయింది.

"పదకొండు నిమిషాలేనాండీ? పుస్తకంలో రెండు గంటలని రాసుంది గదండి మేడంగారూ."

"పుస్తకంలో రాసింది ట్యాంకు సైజు బాబాయ్."

ఈ లెక్క వెనక ఉన్న మనిషి గురించి ఇక్కడ చెప్పాలనిపిస్తోంది. పీటర్ డాంక్‌వర్ట్స్ అనే ఇంగ్లీషు కెమికల్ ఇంజనీరు. 1940లో జర్మన్ విమానాలు లండన్ మీద పారాచూట్లతో మైన్లు జారవిడిచినప్పుడు, గడియారపు ఫ్యూజులు తిరుగుతుండగానే వాటి దగ్గరకు వెళ్ళి నిర్వీర్యం చేసి, ఇరవైనాలుగేళ్ళ వయసులో జార్జ్ క్రాస్ అందుకున్నాడు. యుద్ధం ముగిశాక పాత్రల్లోంచి పారే ద్రవాల వైపు దృష్టి పెట్టాడు. పాత్రలోకి ఒక్కసారిగా రంగో ఉప్పో పోసి, బయటికి ఎప్పుడెంత వచ్చిందో చూస్తే ఏ నీటిబొట్టు లోపల ఎంతసేపుందో తేలిపోతుందని 1953లో ఒక వ్యాసంలో చూపించాడు. నిమిషాలు ప్రాణాల్ని తేలుస్తాయని తెలిసినవాడు ఆ మాట చెప్పడం నాకు ఎప్పుడూ ఊరికే దాటేసే విషయంలా అనిపించదు.

ఎందుకంటే సగటు మనల్ని కాపాడదు. లండన్ లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన హ్యారియెట్ చిక్ 1908లో చూపించినట్టు, క్రిమిసంహారకంలో సూక్ష్మజీవులు ఒక్కసారిగా చావవు; ప్రతి నిమిషానికీ మిగిలినవాటిలో ఒక వంతు చొప్పున తగ్గుతాయి. ఆ లెక్క పట్టుకుని రెండు ట్యాంకులు ఊహించండి. సైజు ఒకటే, క్లోరిన్ ఒకటే, సగటు సమయమూ ఒకటే. మొదటిదాంట్లో ముందొచ్చిన నీరు ముందు, వెనకొచ్చింది వెనక, వరస తప్పకుండా పోతుంది. వచ్చిన క్రిముల్లో వెయ్యికి ఒకటి మిగిలేలా అక్కడ క్లోరిన్ వేశాం. రెండోదాంట్లో వచ్చిన నీరు వచ్చినట్టే మొత్తంలో కలిసిపోతుంది. అదే క్లోరిన్‌తో అక్కడ మిగిలేది దాదాపు ఎనిమిదికి ఒకటి. ఆలస్యంగా వెళ్ళే నీటికి అందిన అదనపు గంట, తొందరగా జారుకున్న నీటికి అందకుండా పోయిన నిమిషాలకు పరిహారం కాదు. ఎవరింటి బిందెలోకి ఆ తొందరపడ్డ నీళ్ళు వెళ్ళాయో వాళ్ళకు సగటుతో పనేముంది?

అందుకే అమెరికా పర్యావరణ సంస్థ 1989లో ఉపరితల జలాల శుద్ధికి నిబంధనలు పెట్టినప్పుడు, పదోవంతు నీరు దాటేసరికి పట్టే సమయాన్నే లెక్కలోకి తీసుకోమంది. దాన్ని ట్యాంకు కాగితపు సమయంతో భాగిస్తే వచ్చే అంకెకు ఒక మెట్ల పట్టిక కూడా ఉంది. అడ్డుగోడలు లేని ట్యాంకుకు 0.1, నాసిరకానికి 0.3, మధ్యరకానికి 0.5, మంచిదానికి 0.7, పైపులా వరసగా పారేదానికి 1. మీ సంపుకి 11 భాగించు 120. అంటే 0.09. పట్టికలో కింది మెట్టుకన్నా కిందే.

లోపల ఏం జరుగుతోందో మేడం సుద్దముక్కతో పైకప్పు మీదే గీసి చూపించింది. 300 మిల్లీమీటర్ల పైపు ఒక మూలలో లోపలికి వస్తుంది. దానిలోంచి నీరు సెకనుకు దాదాపు 1.4 మీటర్ల వేగంతో చిమ్ముతుంది. ఆ ధార పొడుగు గోడ వెంట దూసుకెళ్ళి, అవతలి గోడకు కొట్టుకుని, తిరిగొస్తుంది. పంపు సక్షనేమో అదే పొట్టి గోడకు రెండో మూలలో ఉంది. కట్టేటప్పుడు పైపుల ఖర్చు కలిసొస్తుందని రెండూ ఒకేవైపు పెట్టారు. ధార చుట్టూ తిరిగొచ్చి నేరుగా సక్షన్‌లో పడుతుంది. మధ్యలో ఒక పెద్ద సుడి, మూలల్లో కదలని నీరు. గ్రాఫులో ఆ తెగని తోక అదే.

"క్లోరిన్ కాస్త పెంచితే పోలా?" అని మీకు అనిపిస్తుంది. అందరికీ మొదట తోచేది అదే. లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్‌ను 11 నిమిషాలతో గుణిస్తే 11. నీరు 25 డిగ్రీల వేడిమిలో, పీహెచ్ 7.5 ఉన్నప్పుడు, గియార్డియా అనే పేగు పరాన్నజీవిని వెయ్యోవంతుకు తగ్గించడానికి అమెరికా పట్టికలు అడిగేది సుమారు 45. ఇసుక ఫిల్టర్లు సరిగ్గా పనిచేసే రోజున ఆ భారంలో ఎక్కువ భాగం అవే మోస్తాయి. ఎర్రనీళ్ళు వచ్చి, పటిక మోతాదు కుదరక, ఫిల్టర్ బెడ్లు మొరాయించే రోజున ఈ సంపే దిక్కు. పదకొండు నిమిషాలతో 45 చేరాలంటే క్లోరిన్‌ను నాలుగింతలు చెయ్యాలి. వాసనకు జనం ఆ నీళ్ళు పారబోసి, పక్కవీధి బోరుకి బిందె పట్టుకెళతారు. నీటిలో మిగిలిన ఆకూ అలములతో కలిసి క్లోరిన్ పుట్టించే ట్రైహాలోమీథేన్లూ పెరుగుతాయి. సిలిండర్ల ఖర్చు సరేసరి. తక్కువైంది సమయమైతే మందు పెంచడం తప్పుడు వైద్యం. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

అర్ధరాత్రి దాటాక మీరంతా ఇక సర్దుకోబోతుంటే ఫిట్టర్ బాబాయ్ గొంతు సవరించుకున్నాడు.

"ఏవండీ మేడంగారూ, తమరు నిండు ట్యాంకుకి చూశారండి. తెల్లారగట్ల ఐదింటికి చూడాలండి దీని సంగతి."

మేడం ఆగిపోయింది. ఆయన చెప్పుకొచ్చాడు. పొద్దున్న సరఫరా కోసం రెండు పంపులూ ఒకేసారి వేస్తారు. గంటకు 600 ఘనమీటర్లు లాగేస్తాయి, ఫిల్టర్లు ఇచ్చేది 360. ఐదున్నరయ్యేసరికి సంపులో నీరు మోకాలి పైకి, నడుము కిందకి దిగిపోతుంది. లాగ్‌బుక్‌లో ఆ మట్టం ఎవరూ రాయరు, రాయమని గడి కూడా లేదు.

ఈ పరీక్షకి అసలు విలువ ఆ మాటతోనే వచ్చింది. మేడం ఎవరినీ ఇంటికి పంపలేదు. ఐదుం పావుకి కొలకర్ర దించితే 1.2 మీటర్లు. అంటే లోపల ఉన్నవి 288 ఘనమీటర్లే. మిగిలిన 25 ప్యాకెట్లు కరిగించి పోశారు. రాత్రి ఉప్పు తోక ఇంకా పూర్తిగా దిగలేదు, మట్టం కూడా మారుతూ ఉంది, కాబట్టి లెక్క ముతకగానే వస్తుంది. కానీ ఇంత ముతక జవాబుకి సన్నటి లెక్క అక్కర్లేదు. రెండో నిమిషంలోనే మీటర్ ఎగిరింది. పదోవంతు ఉప్పు దాటడానికి పట్టింది మూడు నిమిషాలు. సరిగ్గా ఆ వేళకే ఊళ్ళో కుళాయిల దగ్గర బిందెలు వరసకట్టి ఉంటాయి. ఆడవాళ్ళు మొదటి బిందె తాగడానికని పక్కన పెడతారు.

కొన్ని వారాలకు మీరు మళ్ళీ వచ్చారు. ఈసారి సంపు ఖాళీ. పక్కనున్న పాత చిన్న సంపుతో ఊరికి ఒక పూట నీళ్ళిస్తున్నారు. రెండు మ్యాన్‌హోళ్ళూ తీసి, ఒక పగలంతా బ్లోయర్‌తో గాలి కొట్టించి, నడుముకి తాడు కట్టుకున్నాకే లోపలికి దిగనిచ్చారు. టార్చి వెలుగులో ఇప్పుడు మీకు నీటి నడక కంటికి కనిపిస్తుంది. పైపుకి ఎదురుగా ధార వెళ్ళిన దారంతా నేల కడిగినట్టు తెల్లగా ఉంది. నడిమధ్యన, సుడి కన్ను ఉన్నచోట, మెత్తటి బూడిదరంగు ఒండ్రు గుండ్రంగా పోగుపడింది. అవతలి మూలలో అది చీలమండ దాకా ఉంది. వేలు గుచ్చితే జారుడుగా, పటిక జిగటతో చేతికి అంటుకుంది. ఉప్పు మీటర్ అంకెలతో చెప్పిన కథే ఇక్కడ బురదతో రాసి ఉంది.

పని పెద్దదేమీ కాదు. పొడుగునా మూడు అడ్డుగోడలు, ఒకదానికి ఈ చివర, ఇంకోదానికి ఆ చివర ఖాళీ. పది మీటర్ల వెడల్పు రెండున్నర మీటర్ల నాలుగు కాలువలవుతుంది. ధార ఇక అడ్డదారిన పోలేదు, వెళ్ళి, తిరిగి, మళ్ళీ వెళ్ళి రావాల్సిందే.

"తిరపతి క్యూలైన్ లాగనాండీ!" అన్నాడు బాబాయ్. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

మొదటి రెండు గోడలకు రెండువైపులా నీరే కాబట్టి అవి బరువు మొయ్యక్కర్లేదు, సన్నటి ఇటుక గోడ, సిమెంటు పూత చాలు. కాకపోతే కడిగేటప్పుడు ఒకవైపు ముందు ఖాళీ అయితే గోడ పడిపోతుంది, అందుకని అడుగున నీరు దిగే చిన్న కన్నాలు ఉంచాలి. గోడ చివర మలుపు ఖాళీ ఇరుకైతే అక్కడ మళ్ళీ ధార పుడుతుంది. మరీ వెడల్పైతే మూల చచ్చుబడుతుంది. కాలువ వెడల్పంత వదలడం మంచి లెక్క. చిమ్మే పైపు ముందు చిల్లుల గోడ ఒకటి. దాని ఎత్తంతా, వెడల్పంతా పంచిన కన్నాల గుండా నీరు విడివడి, నెమ్మదించి మొదటి కాలువలోకి వస్తుంది. నన్నడిగితే ఈ చిల్లుల గోడను ఎస్టిమేట్‌లో ఎప్పుడూ కొట్టెయ్యకూడదు. ధార చల్లారకపోతే మొదటి కాలువ మొత్తం సుడికే పోతుంది.

ఇక బాబాయ్ చెప్పిన ఐదింటి సంగతికి మేడం వేసిన మందు వేరు. మూడో కాలువ చివర, నాలుగోదాంట్లోకి తిరిగేచోట, 2.5 మీటర్ల ఎత్తున ఒక పొర్లుకట్టు. మూడు కాలువల్లో నీరు ఎప్పుడూ ఆ ఎత్తున ఉంటుంది, పొంగినదే నాలుగోదాంట్లోకి పడుతుంది. పంపులు ఎంత లాగినా నాలుగో కాలువే ఖాళీ అవుతుంది తప్ప, క్లోరిన్ పనిచేసే భాగాన్ని అవి ముట్టుకోలేవు. అలాంటప్పుడు మూడో గోడకు ఒకవైపే నీరుంటుంది కాబట్టి, దాన్ని మాత్రం బలంగా, కన్నాల్లేకుండా కట్టాలి. దీనికి ధర ఉంది. పొద్దున్న గంటల తరబడి రెండు పంపులూ కలిపి లాగడానికి నాలుగో కాలువ చాలదు. కాబట్టి రాత్రంతా ఒక్క పంపుతో ఓవర్‌హెడ్ ట్యాంకులు నింపుకోవాలి. పంపు ఆపరేటర్లు మొదట ఒప్పుకోలేదు, రాత్రి డ్యూటీ బరువు పెరుగుతుంది కనుక. మేడం వాళ్ళను మ్యాన్‌హోల్ దగ్గరకు తీసుకొచ్చి ఐదింటి గ్రాఫు చూపించింది. ఆ తర్వాత షిఫ్టులు మార్చడం మీదే మాట్లాడారు.

గోడలు ఆరి, సంపు నిండాక మళ్ళీ ఉప్పు. పొర్లుకట్టు దగ్గర మీటర్ వేలాడదీసి కూర్చున్నారు మీరు. పన్నెండో నిమిషంలో అంకె కదిలింది. మేడం ముఖం పాలిపోయింది. చిన్న గుట్టే, ఐదారు అంకెలు పెరిగి దిగిపోయింది, కానీ ఆ వేళకి అసలు ఏమీ రాకూడదు. సంపు దించి వెతికితే రెండో గోడ కింద మేస్త్రీ కడగడానికి వీలుగా ఉంటుందని అడుగు వెడల్పు కన్నం వదిలేశాడు. దాన్ని పూడ్చి నాలుగంగుళాల పైపు ముక్క పెట్టారు. గోడలు కట్టి ఊరుకుంటే, మళ్ళీ కొలవకపోతే, ఆ కన్నం ఏళ్ళ తరబడి అలాగే ఉండేది.

మూడోసారి పోసినప్పుడు అరగంట దాకా 280 కదల్లేదు. తర్వాత నిదానంగా ఎక్కింది. 47వ నిమిషానికి పదోవంతు ఉప్పు దాటింది. 68 దగ్గర శిఖరం, ఆపైన తోక లేకుండా చకచకా దిగుడు. పొర్లుకట్టు లోపలి కాగితపు సమయం 75 నిమిషాలు. 47ని 75తో భాగిస్తే 0.63. సంపులో మూడోవంతుకు పైగా చోటు వదులుకున్నారు, కాగితం మీది రెండు గంటలు గంటంపావు అయ్యాయి. కానీ నిజంగా దొరికే సమయం పదకొండు నిమిషాల నుంచి, తెల్లవారుజామునైతే మూడు నిమిషాల నుంచి, ఏ వేళ చూసినా నలభైఏడుకి చేరింది. లీటరుకు 1 మిల్లీగ్రాముతో 45 దాటింది. ఊరి చివరి కుళాయిలో కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలన్న మన తాగునీటి ప్రమాణానికి ఎంత కావాలో అంతే వెయ్యొచ్చు ఇప్పుడు. క్లోరిన్ పరీక్ష గొట్టంలో గులాబి రంగు ముదురుతోందా లేదా అని కెమిస్టు రోజూ ఆదుర్దాపడక్కర్లేదు.

ఈ గోడలు అన్నిటికీ మందు కావు. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో సుమారు 4 లక్షల మందిని మంచం పట్టించిన క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి మామూలు మోతాదు క్లోరిన్‌కు లొంగదు, గంటలు పెంచినా లొంగదు. దాన్ని ఆపాల్సింది ఫిల్టర్లే. కాబట్టి ఈ ఊళ్ళో తర్వాతి పని ఫిల్టర్ బెడ్ల ఇసుక మార్చడమని మేడం ప్రతిపాదన రాసింది.

లాగ్‌బుక్‌లో ఇప్పుడు కొత్త గడి ఉంది, గంటగంటకూ నాలుగో కాలువ మట్టం. మొదటి అంకె బాబాయే వేశాడు. పెన్ను మూస్తూ ఇంకో మాట అన్నాడు:

"మేడంగారూ, స్టేషన్ రోడ్డు ఓవర్‌హెడ్ ట్యాంకుకి నీళ్ళెక్కేదీ దిగేదీ ఒకటే పైపండి. ఆ పైపు పక్కన నీళ్ళు ఎక్కుతాయి, దిగుతాయి. అవతలి పక్కన ఉన్నవి ఎన్నాళ్ళవో మరి."

"అక్కడ క్లోరిన్ ఎప్పుడైనా చూశారా బాబాయ్?"

"నిచ్చెన పాడైపోయిందండి. ఎవరూ ఎక్కట్లేదు."

ముందు నిచ్చెన బాగుచెయ్యాలని, తర్వాత ట్యాంకు నాలుగు మూలలా నీళ్ళు పట్టి క్లోరిన్ చూడాలని, ఆపైన ఎక్కే పైపును వేరుచేసి అవతలి వైపుకి తిప్పడానికి ఎస్టిమేట్ వెయ్యాలని మేడం రాసుకుంది. ఉప్పు ప్యాకెట్లకు ఇండెంట్ మీ చేతే రాయించింది.